సైలెన్సర్ నీళ్లు వేరు, రేడియేటర్ నీళ్లు వేరు

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్‌లో కూలింగ్ నీళ్లనేవే ఉండవు. రేడియేటర్ లేదు, వాటర్ పంపు లేదు, రబ్బరు హోసులు లేవు. వెనకాల ఉన్న ఇంజన్‌ని ఫ్యాను గాలే చల్లబరుస్తుంది. అయినా చలి ఉదయం ఆ కారు స్టార్ట్ చేసి వెనక్కి వెళ్లి చూడండి. గొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తూ ఉంటుంది, కింద నేల మీద నీటి చుక్కలు పడుతూ ఉంటాయి. నీళ్లే పోయని ఇంజన్‌కి ఈ నీళ్లు ఎక్కడివి?

పాత కార్లు పెట్టుకున్నవాళ్లని బాగా కంగారుపెట్టే ఒక చిక్కు ఈ ప్రశ్నతోనే విడిపోతుంది. సైలెన్సర్‌లోంచి నీళ్లు కారడం, రేడియేటర్‌లో మట్టం తగ్గడం ఒకే వారంలో కంటపడ్డాయనుకోండి. ఎవరికైనా మొదట తట్టేది హెడ్ గాస్కెట్టే, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య బిగించే సీలు. రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగి, అటునుంచి సైలెన్సర్ గుండా బయటికి పోతున్నాయని లెక్క కట్టేస్తాం. నేనూ అలాగే కట్టాను. నాలుగు సిలిండర్ల నా పాత కారుకి హెడ్ దింపించాను. తీసి చూస్తే గాస్కెట్ చెక్కుచెదరలేదు. సరే, తీసిన చేత్తో కొత్తది వేసి బిగించాం. నెల తిరక్కుండానే మట్టం మళ్లీ తగ్గింది. నేను చూసిన రెండు లక్షణాలకీ కారణాలు వేరువేరని, అందులో ఒకటి అసలు జబ్బే కాదని అర్థం కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ అనవసరపు పని ఇంకొకరి కారుకి జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పెట్రోలు కాలితే నీరు పుడుతుంది

పెట్రోలులో ఉన్నది ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్. కాలేటప్పుడు కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. హైడ్రోజన్ అదే ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఎంత నీరో లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పెట్రోలుకి బదులు ఆక్టేన్‌ని నమూనాగా తీసుకుంటే, 114 గ్రాములు పూర్తిగా కాలినప్పుడు 162 గ్రాముల నీరు వస్తుంది. కాల్చినదానికన్నా నీరు ఎక్కువ తూగడానికి కారణం గాలిలోంచి వచ్చి చేరిన ఆక్సిజనే. మామూలు మాటల్లో, లీటరు పెట్రోలు కాలిస్తే దాదాపు లీటరు నీరు సైలెన్సర్ దారిన పోతుంది. ఏ కారైనా అంతే, ఏ రోజైనా అంతే. వేడిగా ఉన్నప్పుడు ఆవిరిగా వెళ్లిపోతుంది కాబట్టి మన కంటపడదు.

కంటపడేది గొట్టం చల్లగా ఉన్నప్పుడు. పొగలో ఉన్న ఆవిరి సుమారు 50 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లటి ఇనుముని తాకితే అక్కడే నీరుగా మారి అంటుకుంటుంది. రాత్రంతా చల్లారిన సైలెన్సర్ డబ్బా ఆ వేడి దాటాలంటే కారు రోడ్డెక్కి కాసేపు నడవాలి. నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే పొగలో వేడి చాలదు. ఇంజన్ దగ్గరి గొట్టం కాలిపోతూ ఉంటుంది, చివరి డబ్బా మాత్రం గోరువెచ్చగా ఉండి లోపల నీళ్లు పోగేసుకుంటూ ఉంటుంది. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆడించి ఆపేసే కార్ల సైలెన్సర్లు లోపల్నుంచి తుప్పు పట్టి చిల్లులు పడేది ఇందుకే. పొగలోని వాయువులు కలిసి ఆ నీరు కాస్త ఆమ్లంగా కూడా ఉంటుంది. పాత కారుని ఆడించి ఆపడం దానికి సేవ చేసినట్టని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అది చెరుపే. స్టార్ట్ చేస్తే అరగంటైనా తిప్పండి, కుదరకపోతే ఆ వారానికి ముట్టుకోకండి.

కొన్ని సైలెన్సర్లకి అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది. అది తుప్పు చిల్లు కాదు, నీరు దిగిపోవడానికి తయారీలోనే పెట్టిన దారి. దాన్ని వెల్డింగ్‌తో మూయించకండి.

ఇంకో భయం నల్ల చుక్కలది. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసి, ఓసారి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక గోడ మీదో నేల మీదో నల్లటి తుంపర పడుతుంది. ఆయిల్ కొడుతోందని గుండె జారుతుంది. ఆ తుంపరని వేలితో తీసి రెండు వేళ్ల మధ్య రాపి చూడండి. మసి కలిసిన నీరైతే జిడ్డు తగలదు, తడి ఆరి పొడి నలుపు మిగులుతుంది, కడిగితే పోతుంది. ఆయిల్ అయితే జారుతుంది, నీళ్లతో పోదు. చోక్ వేసినప్పుడు పెట్రోలు ఎక్కువ పడి మసి పుడుతుంది, గొట్టంలో పోగైన నీరు ఆ మసిని వెంట తెస్తుంది. బండి వేడెక్కి చోక్ లోపలికి నొక్కేశాక కూడా మసి ఆగకపోతే అప్పుడు కార్బురేటర్ సంగతి చూడాలి.

తెల్ల పొగంతా గాస్కెట్ కాదు

నలుపు పొగ పెట్రోలు ఎక్కువైందని, నీలం పొగ ఆయిల్ కాలుతోందని అందరికీ తెలిసిందే. చిక్కంతా తెలుపుతోనే. మామూలు ఆవిరి గొట్టం దాటి కొంచెం దూరం వెళ్లేసరికి గాలిలో కరిగిపోతుంది, కారు బాగా వేడెక్కాక దాదాపు మాయమవుతుంది. కూలెంట్ కాలితే వచ్చే పొగ దట్టంగా ఉండి గాలిలో వేలాడుతుంది, ఇంజన్ వేడెక్కినా తగ్గదు, తియ్యటి వాసన వేస్తుంది. ఆ వాసన కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనానిది. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసుకున్న బండికి ఈ వాసన గుర్తు పనికిరాదని గుర్తుంచుకోవాలి. గడ్డకట్టే చలిలో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా ఎంతసేపైనా తెల్లటి ఆవిరి వదులుతుంది. కాబట్టి కంటితో చూసినదాన్ని బట్టి ఒక్కసారే తీర్పు చెప్పకండి.

పాత కార్లలో చూసుకోవాల్సిన ఇద్దరు దొంగలున్నారు. మొదటిది బ్రేక్ సర్వో, అంటే ఇంజన్ పీల్పు (వ్యాక్యూమ్) సాయంతో బ్రేకు పెడల్‌కి బలం కలిపే డబ్బా. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి వెనక సీలు కారితే బ్రేక్ ఆయిల్ సర్వోలోకి దిగుతుంది. అక్కణ్ణించి ఇంజన్ దాన్ని వ్యాక్యూమ్ హోసు గుండా పీల్చుకుని దట్టమైన తెల్ల పొగగా వదులుతుంది. ఇక్కడ తగ్గేది రేడియేటర్ మట్టం కాదు, బ్రేక్ ఆయిల్ మట్టం. నేల మీద ఒక్క చుక్క కూడా కనబడదు. పొగ సంగతి పక్కన పెట్టినా ఇది ప్రాణాల మీదికొచ్చే లోపం, ఆ రోజే కారు ఆపేయాలి. రెండోది పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఉండే వ్యాక్యూమ్ మాడ్యులేటర్, ఇంజన్ పీల్పుని బట్టి గేర్లు మారడాన్ని సర్దే చిన్న డబ్బా. దాని లోపలి డయాఫ్రమ్ చిరిగితే గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజన్‌లోకి పోతుంది. మాడ్యులేటర్‌కున్న సన్నటి రబ్బరు హోసు ఊడదీసి లోపల తడి ఉందేమో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. హెడ్ మీద చెయ్యి వేసేముందు ఈ రెండు మట్టాలూ చూడటం తప్పనిసరి.

రేడియేటర్ మట్టం ఎందుకు తగ్గుతుంది

నా కారుకి పట్టిన అసలు జబ్బు ఇక్కడుంది. పాత కార్లలో చాలావాటికి, వేడికి పెరిగిన నీటిని పట్టి ఉంచే ఎక్స్‌పాన్షన్ బాటిల్ ఉండదు. రేడియేటర్ మూతి పక్కనుంచి సన్నటి గొట్టం ఒకటి కిందికి దిగి నేల వైపు తెరుచుకుని ఉంటుంది, అంతే. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 8 లీటర్లు పట్టే బండిలో చల్లటి నీరు 90 డిగ్రీలకి చేరేసరికి పావు లీటరు పైనే పెరుగుతుంది. కూలెంట్ కలిపితే ఇంకాస్త ఎక్కువ. మూతి దాకా నింపితే ఆ పెరిగిన నీటికి చోటేది? క్యాప్‌ని తోసుకుని ఆ సన్నటి గొట్టంలోంచి రోడ్డు మీద పడుతుంది. సాయంత్రం చల్లారాక చూస్తే మట్టం రెండు వేళ్లు తగ్గి ఉంటుంది. అయ్యో తగ్గిందని మళ్లీ మూతి దాకా నింపుతాం. మర్నాడు మళ్లీ అదే పావు లీటరు బయటికి. ఎంతకాలం నింపితే అంతకాలం పోతూనే ఉంటుంది.

ఆ కార్లు తమకి కావలసిన మట్టాన్ని తామే వెతుక్కుంటాయి. పైట్యాంకులో మూతికి అంగుళం దిగువన, లోపలి సన్నటి ట్యూబుల చివర్లు మునిగి ఉంటే చాలు. అందుకే మొదటి పరీక్షకి పనిముట్లేవీ అక్కర్లేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, కారు ప్రతిసారీ ఒకే చదును నేల మీద ఉండగా, ఒక సన్నటి పుల్లని మూతిలోంచి నిలువుగా దించి తడి ఎక్కడిదాకా ఉందో గీత పెట్టండి. వారం రోజులు మామూలుగా నడపండి. ట్యూబులు మునిగి ఉన్నంతవరకు ఒక్క చుక్క కూడా పోయకండి. మొదటి రెండు రోజులు తగ్గి ఆ తర్వాత గీత ఒకేచోట ఆగిపోతే మీ కారుకి ఏ జబ్బూ లేదు. రోజూ ఒకే లెక్కన దిగుతూ పోతే అప్పుడు లీకు ఉన్నట్టే. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో ఆ పుల్ల గీతతోపాటు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ కాగితానికున్న విలువ ‘నీళ్లు తాగేస్తోంది’ అన్న మాటకి ఉండదు.

నా బండిలో దీనికి క్యాప్ కూడా తోడైంది. రేడియేటర్ క్యాప్ అంటే ఉత్త మూత కాదు. అందులో స్ప్రింగు బలంతో పనిచేసే వాల్వు లోపల ప్రెజర్‌ని నిలబెడుతుంది. ప్రెజర్ పెరిగితే నీరు మరిగే వేడి పెరుగుతుంది. ఒక్కో పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు ప్రెజర్) సుమారు ఒకటిన్నర డిగ్రీ చొప్పున, 7 పీఎస్‌ఐ క్యాప్ ఉన్న పాత కారులో ఉత్త నీరు 100 దగ్గర కాకుండా 111 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సగం నీరు, సగం కూలెంట్ పోసి 15 పీఎస్‌ఐ క్యాప్ పెడితే 125 దాటినా మరగదు. క్యాప్ కింది రబ్బరు గట్టిపడి బీటలిస్తే ప్రెజర్ నిలవదు. అప్పుడు నీరు మరగకముందే ఆవిరి, నీరు కలిసి గొట్టంలోంచి పోతాయి. నాది అచ్చంగా ఇదే. రబ్బరు మీద గోటితో నొక్కితే దిగలేదు, అంత బిగుసుకుపోయి ఉంది. క్యాప్ మార్చి, మూతి దాకా నింపడం మానేశాక మట్టం ఆగిపోయింది.

ఎక్కువ పీఎస్‌ఐ క్యాప్ పెడితే ఇంకా మంచిది కదా అని అనిపించవచ్చు. వద్దు. 7 పీఎస్‌ఐకి తయారైన పాత రేడియేటర్ టంకాలు, కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్ అయిన హీటర్ కోరు 15ని తట్టుకోకపోవచ్చు. క్యాప్ మీది అంకె మాన్యువల్లో ఉన్నదే అయి ఉండాలి. క్యాప్‌లో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది, అది చల్లారేటప్పుడు గాలినో నీటినో లోపలికి రానిస్తుంది. అది బిగుసుకుపోతే చల్లారిన ఇంజన్ మీద పై హోసు లోపలికి నొక్కుకుపోయి చదునుగా కనబడుతుంది. ఎక్స్‌పాన్షన్ బాటిల్ కొత్తగా పెట్టించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. బాటిల్ నుంచి నీటిని వెనక్కి లాక్కోవాలంటే క్యాప్‌కి పైన ఇంకో సీలు కూడా ఉండాలి. పాత ఒంటి సీలు క్యాప్ నీటిని బాటిల్‌లోకి పంపుతుంది, వెనక్కి మాత్రం గాలినే పీలుస్తుంది.

వేడి మీదున్న క్యాప్‌ని ఎవరూ ఎప్పుడూ తీయకూడదు. 110 డిగ్రీల నీరు ప్రెజర్ పోయిన క్షణంలోనే మరిగి ముఖం మీదికి లేస్తుంది.

బయటి లీకులు, కంటికి కనబడనివి

మట్టం నిజంగానే దిగుతోందని తేలితే ముందు బయట వెతకాలి. రాత్రి కారు కింద పెద్ద అట్ట పరచండి, పొద్దున మరకని బట్టి పైన ఎక్కడో గుర్తు దొరుకుతుంది. వాటర్ పంపు షాఫ్ట్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తడి లేదా ఎండిన రంగు చార కనబడితే లోపలి సీలు పోయినట్టే. హోసు క్లిప్పులు వేడి మీద కారకుండా చల్లారాక మాత్రమే కారడం మామూలు, కాబట్టి ఉదయం చూడాలి. ముందు సీటు దగ్గరి కార్పెట్ తడిగా, జిడ్డుగా ఉంటే, అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే హీటర్ కోరు. బ్లాకు పక్కల రంధ్రాలని మూసే గుండ్రటి రేకు బిళ్లలు, వెల్ష్ ప్లగ్గులుంటాయి, అవి లోపల్నుంచి తుప్పు తింటూ వస్తాయి. ఇంజన్ నుంచి వేడి పొగని గొట్టంలోకి చేర్చే మానిఫోల్డ్ వెనకున్నది కారితే వేడికి ఎప్పటికప్పుడు ఆవిరైపోయి చుక్క కూడా నేల మీద పడదు.

వీటన్నిటికీ కలిపి ఒకే పనిముట్టు ఉంది, చేతి పంపుతో ఉన్న ప్రెజర్ టెస్టర్. చల్లటి ఇంజన్ మీద క్యాప్ స్థానంలో బిగించి, క్యాప్ మీది అంకె దాకా మాత్రమే ప్రెజర్ ఎక్కించి పావుగంట ఆగాలి. ముల్లు కదలకపోతే బయట లీకు లేదు. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే అప్పుడు ఇంజన్ లోపలికి చూడాలి.

గాస్కెట్ నిజంగానే పోతే ఎలా ఉంటుంది

ఒక తెలిసినవాళ్ల కారు దగ్గర చూసింది చెబుతాను. రాత్రి వేడి మీద ఆపి పెట్టిన కారుని పొద్దున స్టార్ట్ చేస్తే ఐదారు సెకన్లు మూడు సిలిండర్ల మీదే కుంటేది. గుప్పున ఒక తెల్ల మబ్బు వచ్చేది, తర్వాత ఏమీ ఎరగనట్టు నున్నగా నడిచేది. నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా బట్ట మీద పెట్టాం. మూడింటి మూతులు పొడిగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు మాత్రం కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా మెరుస్తోంది, పింగాణీ మీద మసి లేశమైనా లేదు. ఆ సిలిండర్‌లో రోజూ ఆవిరి పుట్టి దాన్ని శుభ్రం చేస్తోందన్నమాట. ఇంజన్ ఆపాక కూలింగ్ సిస్టమ్‌లో మిగిలిన ప్రెజర్ రాత్రంతా నీటిని గాస్కెట్ సందులోంచి సిలిండర్‌లోకి నెమ్మదిగా తోస్తోంది. ప్లగ్గులు లేకుండా స్టార్టర్ తిప్పితే ఆ మూడో రంధ్రంలోంచి సన్నటి తుంపర లేచింది. ఇక అనుమానం లేదు.

ఇలాంటి లక్షణం ఉన్న ఇంజన్ ఒకనాడు స్టార్టర్ తిప్పగానే ఠక్కున ఆగిపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. నీరు నొక్కుకుపోదు. సిలిండర్ నిండా నీరుంటే వంగేది కనెక్టింగ్ రాడ్డే.

అదే గాస్కెట్ ఇంకోలా కూడా పోతుంది, నీరు సిలిండర్‌లోకి రాకుండా సిలిండర్‌లోని గ్యాసు నీటిలోకి పోయేలా. అప్పుడు సైలెన్సర్ దగ్గర ఏమీ కనబడదు. రేడియేటర్ మాత్రం నీళ్లు బయటికి కక్కుతుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష చేతితో చేసేది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ని స్టార్ట్ చేసి పై హోసుని పట్టుకోండి. ఫ్యానుకీ బెల్టుకీ చెయ్యి, బట్టలు దూరంగా ఉంచండి. నీరు ఇంకా చల్లగానే ఉంది కాబట్టి హోసు మెత్తగా ఉండాలి. నిమిషంలోనే రాయిలా గట్టిపడితే ఆ ప్రెజర్ వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ నుంచి వచ్చింది.

క్యాప్ తీసి బుడగలు చూసే పద్ధతి అందరికీ తెలుసు. పొరపాట్లు జరిగేదీ ఇక్కడే ఎక్కువ. మొదటి కాసేపు లోపల చిక్కుకున్న గాలి బుడగలు రావడం సహజం. వాటర్ పంపు కూడా నీటిని చిలికి నురగ పుట్టిస్తుంది. పాత మెకానిక్కుల పద్ధతి దీనికన్నా నమ్మకమైనది. ఫ్యాన్ బెల్టు తీసేస్తారు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కి వదిలే వాల్వు) గూడు మూత విప్పి థర్మోస్టాట్ తీసేస్తారు, గూడు అంచు దాకా నీళ్లు నింపుతారు. పంపు తిరగదు కాబట్టి నీరు కదలకుండా ఉంటుంది. అప్పుడు చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి రెండు మూడుసార్లు రేజ్ చేస్తే, గాస్కెట్ పోయిన బండిలో నీరు ఎగిరిపడుతుంది. పంపు లేకుండా నడిచే ఇంజన్‌ని ఒక నిమిషం దాటనివ్వకూడదు.

రసాయన పరీక్ష కూడా ఉంది. నీలి రంగు ద్రవం పోసిన గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద ఆనించి, ఇంజన్ నడుస్తుండగా లోపలి గాలిని ఆ ద్రవం గుండా లాగుతారు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే ద్రవం పసుపుకి తిరుగుతుంది. ముందుగా మట్టం కొంచెం తగ్గించి పెట్టాలి, కూలెంట్ అందులోకి ఎక్కితే ఫలితం చెడుతుంది. సిలిండర్‌లో గాలి ఎంత ప్రెజర్‌కి నొక్కుకుంటోందో చెప్పే కంప్రెషన్ చూస్తే పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే, ఆ రెంటి మధ్య గాస్కెట్ కాలిందని అనుమానించాలి. అయితే నీటి దారిలోకి సన్నగా లీకయ్యే గాస్కెట్‌తో కూడా కంప్రెషన్ బాగానే రావచ్చు. ఒక్క కంప్రెషన్ బాగుందని వదిలేయకండి. పిస్టన్‌ని పైన నిలిపి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించే లీక్‌డౌన్ పరీక్ష ఇంతకన్నా సూటిగా చెబుతుంది. గాలి కార్బురేటర్‌లో వినబడితే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూతలో వినబడితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. వాల్వు సీట్ల మధ్య పగుళ్లు కొన్ని వేడి మీదే తెరుచుకుంటాయి. చల్లటి ఇంజన్‌కి అన్ని పరీక్షలూ బాగానే వచ్చి, వేడి మీద మాత్రం నీళ్లు పోతుంటే ఆలోచించాల్సింది వాటి గురించే.

ట్రయంఫ్ టీఆర్ పాత నాలుగు సిలిండర్ల ఇంజన్ల వంటి తడి లైనర్ల ఇంజన్లకి ఇంకో దారి ఉంది. అక్కడ లైనర్, అంటే పిస్టన్ తిరిగే విడి గొట్టం, బయటి గోడ నేరుగా నీళ్లలో ఉంటుంది. లైనర్ అడుగు గాస్కెట్ కారితే నీరు సైలెన్సర్‌కీ రాదు, నేల మీదా పడదు, తిన్నగా ఆయిల్ సంప్‌లోకి దిగుతుంది.

ఆయిల్లో తెలుపు చూసి కూడా తొందరపడకూడదు. ఆయిల్ పోసే మూత లోపల, టాపెట్ కవర్ పైభాగాన తెల్లటి జిడ్డు నురగ ఒక్కటే ఉంటే అది దాదాపు ఎప్పుడూ సైలెన్సర్ నీళ్లకి అన్నదమ్ముడే. రింగుల పక్కనుంచి కిందికి జారిన పొగలోని ఆవిరి చల్లటి మూతకి తగిలి ఆయిల్‌తో కలిసింది. డిప్‌స్టిక్ కూడా తెల్లబడి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే అది వేరే సంగతి. ఆ ఇంజన్ నడపకూడదు, ఆ ఆయిల్ బేరింగులని కాపాడలేదు.

అతి చల్లదనం కూడా జబ్బే

సైలెన్సర్ నీళ్లకీ కూలింగ్ సిస్టమ్‌కీ నిజమైన చుట్టరికం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది థర్మోస్టాట్. చాలా పాత కార్లలో అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, ఇంకొన్నింట్లో 74 లేదా 88. తెరుచుకుని బిగుసుకుపోతే నీరు ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూ ఉంటుంది, ఇంజన్ సరైన వేడికి ఎప్పటికీ రాదు. చోక్ ఎక్కువసేపు కావాల్సి వస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మసి, సైలెన్సర్ నీళ్లు, మూత కింద నురగ అన్నీ పెరుగుతాయి. చూసేవాడికి గాస్కెట్ లక్షణాల జాబితాలో సగం కనబడినట్టే ఉంటుంది. ద్రవం నింపిన మడతల డబ్బాతో పనిచేసే పాత బెల్లోస్ రకం థర్మోస్టాట్లలో ఆ ద్రవం కారిపోతే అవి ఎక్కువగా తెరుచుకునే ఉండిపోతాయి, మైనం వ్యాకోచంతో పనిచేసే వ్యాక్స్ రకం తెరుచుకునో మూసుకునో ఎటైనా పోవచ్చు.

దాన్ని విప్పి, గిన్నెడు నీళ్లలో అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి మరిగించండి. ఏ డిగ్రీ దగ్గర కదిలింది, పూర్తిగా తెరుచుకుందా, తీస్తే మళ్లీ మూసుకుందా అన్న మూడూ కంటితో చూడవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు వ్యాక్స్ గొట్టం ఇంజన్ వైపుకి, గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండాలి.

బండి హీటెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయమని చెప్పేవాళ్లుంటారు. ఆ సలహా వినకండి. కొన్ని ఇంజన్లలో తెరుచుకున్న థర్మోస్టాటే పక్క బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీరు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది, హీటు ఇంకా పెరుగుతుంది.

ఎక్కడ హీటెక్కుతోందో చూడండి

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేచి, కదలగానే దిగితే లోపం గాలిలో ఉంది. ఫ్యాను, బెల్టు బిగువు, ఫ్యాను చుట్టూ ఉండాల్సిన రేకు తొడుగు, రేడియేటర్ రెక్కల మధ్య నిండిన దుమ్ము చూడాలి. స్పీడులో, ఎత్తెక్కేటప్పుడు లేస్తే లోపం నీటి ప్రవాహంలో. రేడియేటర్ ట్యూబుల్లో పూడిక, అరిగిన పంపు రెక్కలు, స్పీడులో పంపు పీల్పుకి నొక్కుకుపోయే మెత్తబడిన కింది హోసు. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా, డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే వ్యాక్యూమ్ డయాఫ్రమ్ చిరిగినా ఇంజన్ హీటెక్కుతుంది. ఇది రేడియేటర్ ఎంత శుభ్రం చేసినా పోదు.

ముల్లు నిజమే చెబుతోందా అన్నది కూడా చూడాలి. 1960ల తర్వాతి చాలా బ్రిటిష్ కార్లలో పెట్రోలు గేజికీ టెంపరేచర్ గేజికీ కలిపి ఒకే వోల్టేజి స్టెబిలైజర్ ఉంటుంది. దాని ఎర్త్ వదులైతే రెండు ముళ్లూ కలిసి పైకి చూపిస్తాయి. టెంపరేచర్‌తోపాటు ట్యాంకు కూడా ఉన్నదానికన్నా నిండుగా చూపిస్తుంటే ఇంజన్‌ని కాదు, ఆ చిన్న డబ్బాని అనుమానించండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో సరిచూసుకోవచ్చు, కానీ మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ గూడు మీద ఒక నల్లటి టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

అన్నీ మార్చినా తగ్గని హీటుకి చాలాసార్లు కారణం బ్లాకు అడుగునుంటుంది. వెనక సిలిండర్ దగ్గర ఇత్తడి డ్రెయిన్ ట్యాపు ఉంటుంది, దాన్ని తిప్పి చూడండి. రేడియేటర్ నిండా నీళ్లున్నా అక్కడ ఒక్క చుక్క రాకపోతే లోపల బురద గడ్డకట్టింది. ట్యాపు పూర్తిగా విప్పి సన్నటి ఇనుప తీగతో పొడవాలి. మొదట ఎర్రటి బురద ముద్దలుగా రాలుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నల్లెర్రటి నీరు ధార కడుతుంది. ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసినందుకు ఇనుము వదిలిన తుప్పు అది. దాంతోపాటు పోత పోసిననాటి ఇసుక కూడా వస్తుంది. వెనక సిలిండర్ చుట్టూ అది పేరుకుంటే అక్కడికి నీరు చేరదు, గాస్కెట్ ముందు కాలేదీ అక్కడే. నీరు తేటగా వచ్చేదాకా రేడియేటర్‌ని విడిగా, బ్లాకుని విడిగా, మామూలు ప్రవాహానికి ఎదురుగా కడగాలి. లీకులు పూడ్చే పొడులు, ద్రవాలు పోయకండి. అవి ముందు హీటర్ కోరునే పూడుస్తాయి. రాగి, ఇత్తడి రేడియేటర్ ఉన్న కారుకి పాతకాలపు ఇనార్గానిక్ రకం కూలెంట్ పోసి రెండేళ్లకోసారి మార్చడం మంచిది. పాత కూలెంట్‌ని ఎక్కడపడితే అక్కడ పారబోయకండి, తియ్యగా ఉండి జంతువులు తాగుతాయి, అది విషం.

ఇన్ని చూశాక కూడా గాస్కెట్టే అని తేలితే అప్పుడు హెడ్ దించండి. పాత గాస్కెట్‌ని పారేయకుండా రెండువైపులా తిప్పి చూడండి. సిలిండర్ రింగుకీ నీటి రంధ్రానికీ మధ్య నల్లటి చార ఎక్కడుందో అదే లీకు దారి, మీ ప్లగ్గు చెప్పిన సిలిండర్‌తో అది కలవాలి. కలవకపోతే ఇంకా ఏదో దొరకలేదని అర్థం, పగులు కోసం హెడ్‌ని పరీక్షకి పంపండి. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి హెడ్‌తోపాటు బ్లాకు ముఖం కూడా చూడండి. మాన్యువల్లో ఇచ్చిన వరసలో, ఇచ్చిన టార్కుకి, విడతలు విడతలుగా బిగించండి. పాతరకం గాస్కెట్ వేస్తే కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక చల్లటి ఇంజన్ మీద మళ్లీ బిగించాల్సి ఉంటుంది, ఆ తర్వాత టాపెట్ గ్యాపులు కూడా సరిచూడాలి. నింపేటప్పుడు హీటర్ ట్యాపు తెరిచి, గాలి పూర్తిగా పోయేదాకా మెల్లగా పోయండి. అంగుళం దిగువన ఆపి, పుల్ల దించి కొత్త గీత పెట్టండి.